మన ఇంటి సంగతులు: పోయినవారి జపమాల

పెద్దవారు పోయిన తరువాత ఇంట్లో మిగిలే వస్తువులు రెండు రకాలు. మొదటి రకానికి ధర ఉన్నది. సాంచాలు, ఖోలీ, బంగారం, బ్యాంకు పుస్తకం, ఊళ్ళో ఉన్న కాస్త భూమి. వీటిని గురించి అందరూ మాట్లాడుకొంటారు, అవసరమైతే పోట్లాడుకొంటారు, చివరకు నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి తెంపుకొంటారు. రెండవ రకానికి ధర లేదు. వేళ్ళ రాపిడికి నునుపు తేలిన పూసల దండ, రంగు వెలిసిన చిన్న స్వరూపం, నూనె మరకలు పడిన ప్రార్థన పుస్తకం. వీటిని నాకు కావలెనని ఎవరూ అడుగరు. అట్లాగని పారవేయడానికి ఎవరికీ చేయి రాదు. అటక మీదికి ఎక్కించి, ఇల్లు మారినప్పుడు మళ్ళీ దించి, మళ్ళీ తల పట్టుకొంటారు.

ఈ రెండవ రకాన్ని గురించి నాలుగు మాటలు వ్రాయుమని మన సభ్యుల కుటుంబమొకటి కోరినది. ఇల్లు పద్మానగర్ లోనిది. పేర్లతో మనకు పని లేదు.

ఆ ఇంటి తల్లి కాజీపేట ఆడపడుచు. పుట్టుకతో కతోలిక మతస్థురాలు. పెండ్లాడి భర్త వెంట భివండీ వచ్చినది. మగడు మార్కండేయుని కొలిచినాడు, ఆమె మరియమాతను కొలిచినది. ఒకే గోడకు రెండు పటాలు. అన్నేండ్ల కాపురంలో మతం పేర ఆ ఇంట్లో ఒక్క మాట తేడా రాలేదని ఇరుగుపొరుగు వారు చెప్పుదురు. మగడు ముందే పోయినాడు. ఆమె పోయి రెండు నెలలైనది. పిల్లలు ముగ్గురూ తండ్రి పద్ధతిలోనే పెరిగినారు. కొడుకులిద్దరూ ఇక్కడే ఉన్నారు, కూతురు షోలాపురంలో ఉన్నది.

తల్లి ట్రంకు పెట్టెలో దొరికినవి ఇవి: గాజుపూసల జపమాల ఒకటి, ప్లాస్టిక్ జపమాలలు మూడు, ఇత్తడి ప్రతిమ బిగించిన చెక్క స్లీవ, గుణదల మాత ప్లాస్టర్ స్వరూపం, మెడలో వేసికొనే గోధుమరంగు ఉత్తరీయం, బాంద్రా జాతర నుంచి తెచ్చిన తీర్థం సీసా, ఎండిన మట్టతో అల్లిన చిన్న స్లీవ, సగం కాలిన మైనపువత్తులు, తెలుగు ప్రార్థన పుస్తకం.

పెద్దకొడుకు అన్నాడు: "గణపతిని ఎట్ల కలుపుతమో అట్లనే వరాలదేవి చెరువుల కలుపుదాం." చిన్నవాడు అన్నాడు: "స్లీవ మీద ఇత్తడి ఉన్నది. భంగారోనికి ఇస్తె ఆ పైసలతోని అమ్మ పేర నలుగురికి అన్నం పెట్టొచ్చు." పెద్దవానికి ఆ మాట ముల్లులా గుచ్చుకొన్నది. "అమ్మను తూకానికి పెడ్తవా?" అన్నాడట. ఆనాటి నుంచి అన్నదమ్ములిద్దరూ ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచాలు నడుపుతూ కూడా మాట్లాడుకోవడం మానినారు. పెద్దకోడలి దిగులు వేరు. "అన్నా, మేము కొలవని దేవుని వస్తువులు ఇంట్ల ఉంచుకుంటె మాకేమన్న అయితదా?" అని అడిగినది.

కనుక ప్రశ్నలు మూడు. నీటిలో కలుపవచ్చునా? అమ్మవచ్చునా? ఉంచుకొంటే హాని ఉన్నదా? ఈ మూడింటికీ జవాబు మన ఆచారంలో వెదకితే దొరకదు. పోయినవారి వస్తువును పోయినవారి ఆచారం ప్రకారమే సాగనంపవలెను. మన అమ్మమ్మ పూజించిన సాలగ్రామాన్ని ఎవరో తమకు తోచిన చోట పడవేస్తే మనకు ఎట్లా ఉండును? ఇదీ అంతే.

కతోలికులకు ఈ సంగతిలో వ్రాతపూర్వకమైన నియమమే ఉన్నది. 1983లో అమలుకు వచ్చిన వారి సంఘ ధర్మశాస్త్రంలో 1171వ నియమం ఇదే చెప్పుచున్నది. ఆరాధన కొరకు దీవించి ప్రత్యేకించిన వస్తువులను గౌరవంతో చూడవలెను, అవి ప్రైవేటు మనుషుల సొత్తు అయినా సరే, మామూలు పనులకు, తగని పనులకు వాడరాదు. 1190వ నియమం పునీతుల పవిత్ర అవశేషాలను అమ్మడం పూర్తిగా నిషేధించినది. 1917 నాటి పాత ధర్మశాస్త్రంలో మరొక వివరమున్నది. దీవించిన వస్తువు తన రూపం పోగొట్టుకొని వాడుకకు పనికిరానంతగా చెడిపోతే, లేక బజారులో అమ్మకానికి పెడితే, ఆ దీవెన దానిని విడిచిపోవును. ఈ రెండు మాటలలోనే చాలా జవాబులున్నవి.

ముందు పెద్దకోడలి ప్రశ్న. హాని ఏమీ లేదు. వస్తువులో మంత్రశక్తి కూర్చున్నదని కతోలిక సంఘం చెప్పదు. అట్లా తలచడాన్ని మూఢనమ్మకమనే అంటుంది. దీవెన అంటే ఆ వస్తువును భక్తితో వాడుకొనే వారి కొరకు సంఘం చేసిన ప్రార్థన. వాడుకొనే మనిషి లేనప్పుడు అది ఎవరినీ పట్టి పీడించదు. గూటిలో ఉంచుకొన్నా దోషం లేదు, ఇంకొకరికి ఇచ్చినా దోషం లేదు. జపమాల అన్న మాట చూడండి. తెలుగులోను, మరాఠీలోను, హిందువుల నోటను, కతోలికుల నోటను అదే మాట. మన మాలకు 108 పూసలు. వారి అయిదు పదుల మాలకు మంగళవార్త జపం పూసలు 53, పరలోక జపం పూసలు 6. లెక్క వేరు, వేళ్ళు తిరిగే తీరు ఒక్కటే. ఇక గుణదల మాత మనవారికి పరాయిది కాదు. బెజవాడ పక్క గుణదల కొండ మీద 1924లో అర్లాటి అనే ఇటలీ దేశపు గురువు నెలకొల్పిన ఆ స్థలంలో ఫిబ్రవరి 11న తిరునాళ్ళు జరుగును. అక్కడ తలనీలాలు ఇచ్చేవారు, టెంకాయ కొట్టేవారు అందరూ కతోలికులే కారు.

రెండవది నీటి సంగతి. నీటిలో కలిపి సాగనంపడం మన పద్ధతి, వారిది కాదు. వారి సంప్రదాయంలో పనికిరాని దీవించిన వస్తువుకు దారులు రెండే: నిప్పు, మన్ను. కాలేదానిని కాల్చి బూడిదను మట్టిలో కలుపుదురు, కాలనిదానిని పూడ్చిపెట్టుదురు. పైగా ప్లాస్టర్ బొమ్మ నీటిలో కరుగదు. చెరువు అడుగున పడి ఉండి, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడి ఎవరి కాళ్ళ కిందనో నలుగును. గణపతి విషయంలోనే ఈ తగువు ఇన్నేండ్లుగా చూస్తున్నాము.

మన్నుకు అప్పగించడం ఒక్క కతోలికుల పద్ధతే కాదు. మన ఊరి ముసల్మాను సోదరులు చిరిగిన ఖురాను పుటలను శుభ్రమైన గుడ్డలో చుట్టి, తొక్కని చోట పూడ్చుదురు. యూదులు దేవుని పేరు వ్రాసిన కాగితాన్ని పారవేయరు. కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయంలో ఒక గదిలో వందల యేండ్లు అట్లా పోగుపడిన కాగితాలు, 1896లో షెక్టర్ అనే పండితుని చేతికి అందిన తరువాత, రెండు లక్షలకు పైబడిన తునకలుగా లెక్కకు వచ్చినవి. సిక్కులు జీర్ణించిన గ్రంథ సాహెబును పంజాబులోని గోయింద్వాల్ లో అగ్నికి అప్పగించుదురు. ఆచారాలు వేరైనా భావం ఒక్కటే. చేతులెత్తి మ్రొక్కినదానిని చెత్తకుప్పలో వేయరాదు.

మూడవది అమ్మకం. ఇత్తడి మాట వచ్చినది కనుక ఒక కంచు మాట చెప్పుతాను. మనకు పొరుగునే ఉన్న వసయి 1534 నుంచి 1739 దాకా పోర్చుగీసు వారి చేతిలో ఉన్నది. 1739లో చిమాజీ అప్పా సేనలు దానిని గెలిచినవి. అక్కడి చర్చిల గంటలు కొన్నింటిని మరాఠాలు తమ సీమకు తీసుకొనిపోయి గుళ్ళలో వ్రేలాడగట్టినారు. వాటిలో ఒకటి వాయి పట్టణం దగ్గర మేణవలిలో, నానా ఫడ్నవీసు కట్టించిన కృష్ణ ఒడ్డు ఘాట్ మీది గుడిలో ఉన్నది. దాని మీద 1707 అన్న సంవత్సరమున్నది, బాల యేసును ఎత్తుకొన్న మరియమాత బొమ్మ ఉన్నది. యుద్ధంలో గెలుచుకొన్న లోహం. కరిగించి ఫిరంగి పోసికొన్నా అడిగేవారు లేరు. అయినా కరిగించలేదు, బొమ్మను చెక్కివేయలేదు. గంటను గంటగానే ఉంచినారు. మేణవలి దాటి పారే ఆ కృష్ణమ్మే బెజవాడ చేరి గుణదల పక్కగా సముద్రానికి పోవుచున్నది. గెలిచిన సైన్యమే పాటించిన మర్యాదను కన్నతల్లి వస్తువు విషయంలో మనం పాటించలేమా?

అయితే చిన్నకొడుకును తప్పు పట్టవలసిన పని లేదు. అతని మనసులో ఉన్నది అన్నదానమే కాని ఆశ కాదు. స్లీవను స్లీవగా తూకానికి వేయడమే కూడనిది. విరిగి, వంగి, ఇక గుర్తుపట్టలేని లోహపు ముక్క అయితే దానిని కరిగించి వేరే పనికి వాడవచ్చునని కతోలిక గురువులే చెప్పుదురు. చక్కగా ఉన్న స్లీవకు ఆ గతి ఎందుకు? వాడుకొనే ఇల్లు వెదకి ఇవ్వవచ్చును.

ఇక ఒక్కొక్క వస్తువు సంగతి. కత్తిరించి దాచుకొనే అలవాటున్న అమ్మలకు ఉపయోగపడునని వరుసగా వ్రాస్తున్నాను.

జపమాల, స్లీవ, స్వరూపం బాగున్నవైతే మొదట చుట్టాలను అడుగవలెను. వారిలో ఎవరూ లేకపోతే దగ్గరి చర్చిలో విచారణ గురువులకో, కన్యాస్త్రీల మఠానికో ఇవ్వవలెను. కొత్తది కొనలేని వారి చేతికి చేరును. ఊరక గుమ్మం ముందు పెట్టి రావద్దు. ఎవరివో, ఎందుకు ఇస్తున్నామో చెప్పి చేతికి ఇవ్వడమే మర్యాద. మరణం జరిగిన దినమే జ్ఞప్తికి వస్తే, నిత్యం వాడిన జపమాలను పోయినవారి చేతులకు చుట్టి భూస్థాపన చేసే ఆచారం ఎట్లాగూ ఉన్నది.

తెగిన జపమాలలో పూసలు చెక్కవైతే కాల్చవచ్చును, గాజువైతే పూడ్చవలెను. ప్లాస్టిక్ పూసలను మాత్రం కాల్చవద్దు. ఆ పొగ ఊపిరికి విషం. మన ఇరుకు గల్లీలలో అసలే పనికిరాదు. బాగున్నవైతే ఇచ్చివేయండి. తెగిపోయినవైతే దారం నుంచి విడదీసి, స్లీవను వేరు చేయండి. జపమాల రూపం పోయిన తరువాత అవి ఒట్టి పూసలే.

విరిగిన ప్లాస్టర్ స్వరూపాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి పూడ్చవలెను. ముక్కలు చేయడమంటే గుండె ఝల్లుమనవచ్చును. రూపం పోవలెనన్నదే అందులో ఉద్దేశం. సగం తల, సగం చేయి కుప్పలో కనబడడం కన్న ఇది గౌరవం. చేయి రాకపోతే గురువులకు అప్పగించండి, వారే చేసికొందురు.

ఉత్తరీయం గుడ్డ కనుక కాల్చి బూడిద మట్టిలో కలుపవలెను, లేదా అట్లే పూడ్చవలెను. కాల్చడానికి శుభ్రమైన పాత్ర వేరుగా తీసికొనండి. చెత్తతో కలిపి కాల్చవద్దు. చాలులో ఉండేవారికి పెరడు ఉండదు. పూలకుండీలో మట్టి ఉన్నది కదా, పిడికెడు బూడిదకు అది చాలును.

తీర్థాన్ని మోరీలో పోయరాదు. చెట్టు మొదట పోయవలెను. చర్చిలలో ఇందుకే ఒక ప్రత్యేకమైన తొట్టి ఉండును, దాని గొట్టం మురికికాలువకు కాక నేరుగా నేలలోకి పోవును. సీసా కడిగి, ఆ కడిగిన నీరు కూడా చెట్టుకే పోసి, తరువాత సీసాను మామూలుగా వాడుకోవచ్చును.

మట్టల ఆదివారంనాటి ఎండు మట్టలను చర్చికి తిరిగి ఇవ్వవచ్చును. మరుసటి యేడు విభూతి బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద అట్టి మట్టలను కాల్చి చేసినదే. అంటే వారి మట్ట వారి నుదుటికే చేరును. మైనపువత్తులను ఆమె పేర వెలిగించి పూర్తిగా కాలనివ్వండి.

పటాలలో కాగితం వేరు, చట్రం వేరు. చట్రానికి, అద్దానికి నియమం లేదు, వాడుకోవచ్చును.

ఒక్క హెచ్చరిక. మంచం పట్టిన వారికి గురువులు ఇంటికి వచ్చి సత్ప్రసాదం ఇచ్చుదురు. చిన్న గుండ్రటి డబ్బీలో పలుచని తెల్లని అప్పం కనబడితే ముట్టుకోక, మూత పెట్టి, వెంటనే చర్చికి కబురు పంపండి. కతోలికులకు అది వస్తువు కాదు, సాక్షాత్తు క్రీస్తు శరీరం. దాని మర్యాద వారే చేయవలెను.

చివరిది ప్రార్థన పుస్తకం. గుమాస్తాగా గట్టిగా చెప్పగలిగిన మాట ఇది. కాగితాన్ని చూడకుండా కాల్చవద్దు. ప్రతి పుట తిప్పండి. అట్ట లోపలి వైపున జ్ఞానస్నానం తేదీలు, పిల్లల పుట్టిన తేదీలు, పోయినవారి తిథులు వ్రాసికొనే అలవాటు చాలామందికి ఉన్నది. పుటల మధ్య రసీదులు, పాత ఉత్తరాలు ఉండవచ్చును. పుట్టుక పత్రం లేని పాతకాలపు మనిషికి ఆ ఒక్క వరుసే ఆధారం కావచ్చును. కతోలిక ధర్మశాస్త్రం 535వ నియమం ప్రకారం ప్రతి విచారణలోను జ్ఞానస్నానాల, వివాహాల, మరణాల పుస్తకాలు ఉండవలెను. కాజీపేట వంటి చోట, 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనంలో, ఫలానా సంవత్సరం ఫలానా పేరు అని అడుగుటకు ఈ అట్ట మీది తేదీ దారి చూపును.

ఇవన్నీ చెప్పిన తరువాత ఆ అన్నదమ్ములను ఒక్క మాట అడిగినాను. "షోలాపురం చెల్లెను అడిగినారా?" ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. ధర ఉన్న వస్తువుల పంపకానికి ఆమెను పిలిపించినారు, సంతకం పెట్టించినారు. ధర లేనిదానికి పిలువవలెనని ఎవరికీ తోచలేదు. ఫోను చేస్తే అటువైపు చాలాసేపు మాట రాలేదట. చిన్నప్పుడు ప్రతి రాత్రి తల్లి పక్కన కూర్చుని పూసలు లెక్కపెట్టినది ఆ పిల్ల ఒక్కతే. ఆమె ఇప్పుడు చర్చికి పోదు, ఎప్పుడూ పోలేదు. అయినా "గాజుపూసలది నాకియ్యుండ్రి అన్నా, ఇంకేం వద్దు" అన్నది.

చెరువులో కలిపి ఉంటే, భంగారోనికి వేసి ఉంటే, ఆ మాట ఎవరికీ వినబడేది కాదు. వస్తువు ఎవరికి చెందవలెనో నిర్ణయించేది మతం ఒక్కటే కాదు, జ్ఞాపకం కూడా. నియమం తెలుసుకోవడం రెండవ పని. అడగడం మొదటి పని.

గాజుపూసల మాల షోలాపురం చేరినది. ఇత్తడి ప్రతిమ ఉన్న స్లీవను, ప్లాస్టిక్ మాలలను చిన్నవాడు స్వయంగా చర్చికి తీసికొనిపోయి ఇచ్చి వచ్చినాడు. గుణదల మాత గూటిలోనే ఉన్నది, పెద్దకోడలే తుడిచి పెట్టుచున్నది. అన్నదమ్ములు మాట్లాడుకొంటున్నారా అని మీరు అడుగవచ్చును. షోలాపురం టికెట్టు చిన్నవాడు తీసినాడు, మాల పట్టుకొని పెద్దవాడు పోయినాడు. ఇప్పటికి అంతవరకు వచ్చినది.

ఇది చదివే వారిలో పెద్ద వయసు వారు చాలామంది ఉన్నారు. వారికి ఒక మనవి. బ్యాంకులో వారసుని పేరు వ్రాయుటకు ఒక గడి ఉండును. జపమాలకు, తులసి పూసలకు, సాలగ్రామానికి, తాతల నాటి మగ్గపు నాడెకు అట్టి గడి లేదు. ఆ గడి మీరే గీసికొనవలెను. ఒక తెల్లకాగితం తీసికొని, ఈ వస్తువు ఫలానా వారికి, ఎవరూ వద్దంటే ఫలానా చోటికి అని మీ చేతితో రెండు వరుసలు వ్రాసి, ప్రార్థన పుస్తకంలోనో పంచాంగంలోనో పెట్టండి. కొడుకులు, కోడళ్ళు చొరవ చేసి పెద్దలను ఇప్పుడే అడగండి. "నీ తరువాత ఇది ఎవరికియ్యాలె అమ్మా?" అంటే చావు మాట ఎత్తినట్లు కాదు. నీవు మ్రొక్కినది మాకు విలువైనదే అని చెప్పినట్లు.